అట్ట మీద లేని పేరు

1960ల నడుమ లివర్‌పూల్, లండన్ నగరాల్లో గిటార్లు భుజాన వేసుకుని తిరిగే కుర్రాళ్ళలో ఒక అమెరికన్ వాద్యకారుడికి వీరాభిమానులు ఉండేవారు. ఆయన పేరేమిటో, మనిషి ఎలా ఉంటాడో వాళ్ళకు తెలియదు. చేతిలో ఉన్నదల్లా డెట్రాయిట్ నుంచి వచ్చే మోటౌన్ కంపెనీ రికార్డులు. వాటి మీద సుప్రీమ్స్, టెంప్టేషన్స్, ఫోర్ టాప్స్, మార్విన్ గే పేర్లు పెద్ద అక్షరాల్లో కనిపించేవి. పాట రాసినవాళ్ళ పేర్లు కింద చిన్న అక్షరాల్లో ఉండేవి. కానీ పాటకు అడుగున నడుస్తూ, గాయకుడు ఊపిరి తీసుకునే సందు చూసి ఏదో కొంటె మాట విసిరేసి పోయే ఆ మంద్రస్వరం ఎవరిదో ఎక్కడా ఉండేది కాదు. బీటిల్స్ బృందంలో బేస్ గిటార్ వాయించిన పాల్ మెకార్ట్నీ తన మీద ఎక్కువ ప్రభావం చూపినవాళ్ళలో ఆ వాద్యకారుణ్ణి ముందు చెబుతాడు. చాలాకాలం దాకా ఆయన పేరు తనకు తెలియదనీ చెబుతాడు. ఏకలవ్యుడికి కనీసం ద్రోణుడి పేరైనా తెలుసు.

ఆ పేరు జేమ్స్ జేమర్సన్.

జేమర్సన్ కథ చెప్పుకునే ముందు ఆయన వాద్యం గురించి కొంచెం చెప్పుకోవాలి. ఎందుకంటే ఆయన మోటౌన్‌లో చేరేనాటికి బేస్ గిటార్‌కు నిండా పదేళ్ళు లేవు. దాన్ని ఎలా వాయించాలో చెప్పే గురుపరంపర గానీ, పాఠ్యపుస్తకం గానీ లేవు. అంతకుముందు బ్యాండుల్లో మంద్రస్థాయి బాధ్యత డబుల్ బేస్‌ది. చూడటానికి ఫిడేలే, కానీ మనిషంత ఎత్తు. నిలబడి వాయించాలి. ఊరూరా కచేరీలు చేసే బృందానికి దాన్ని మోసుకుపోవడమే పెద్ద పని. ఇంతా చేస్తే, ట్రంపెట్లూ డ్రమ్ములూ ఊపందుకున్నాక దాని గొంతు ఎవరికీ వినపడేది కాదు. సియాటిల్‌లో పాల్ టుట్‌మార్క్ అనే ఆయన 1930ల నడుమనే ఆడియోవాక్స్ 736 పేరుతో గిటార్‌లా ఒడిలో పట్టుకుని వాయించే ఎలక్ట్రిక్ బేస్ తయారు చేశాడు. కాలం కంటే ముందు పుట్టిన సరుకు, కొనేవాళ్ళు దొరకలేదు.

1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే చిన్న ఊళ్ళో లియో ఫెండర్ మళ్ళీ ఆ పనికి పూనుకున్నాడు. ఈయన రేడియోలు బాగుచేస్తూ పైకొచ్చిన మనిషి. గిటార్ వాయించడం రాదు. వాయించేవాళ్ళు ఏమేం సణుగుతున్నారో శ్రద్ధగా వినడం మాత్రం బాగా వచ్చు. ఆయన చేసిన ప్రెసిషన్ బేస్‌కు నాలుగు తీగలు, 34 అంగుళాల తీగ పొడవు, మెడ మీద వీణకున్నట్టు మెట్లు. డబుల్ బేస్‌కు మెట్లుండవు కాబట్టి వేలు వెంట్రుకవాసి జరిగినా స్వరం పక్కకు పోతుంది. ఇక్కడ ఆ భయం లేదు. పైగా కారు వెనక సీట్లో పట్టేస్తుంది. లయొనెల్ హాంప్టన్ జాజ్ బృందంలో మంక్ మాంట్‌గొమెరీ దాన్ని చేతబట్టి దేశాలు తిరిగాక వాద్యకారుల కళ్ళు కొంచెం తెరుచుకున్నాయి. అయినా డబుల్ బేస్ సాధన చేసిన జాజ్ పెద్దలకు చాలాకాలం అదొక ఆటబొమ్మే.

జేమర్సన్ కూడా డబుల్ బేస్ మనిషే. 1936 జనవరి 29న దక్షిణ కరోలినా తీరంలో, చార్ల్‌స్టన్ దగ్గరి ఎడిస్టో దీవిలో పుట్టాడు. చిన్నప్పుడు చీమల పుట్ట దగ్గర ఒక కర్ర పాతి, దానికి రబ్బరు తాడు బిగించి మీటుతూ చీమల చేత నాట్యం చేయించేవాణ్ణని తర్వాత చెప్పుకున్నాడు. చీమలు ఆడాయో లేదో గానీ ఇరవై ఏళ్ళ తర్వాత సగం ప్రపంచం ఆడింది. 1954లో తల్లి దగ్గరికి డెట్రాయిట్ చేరాడు. దక్షిణాది రాష్ట్రాల నల్లజాతి కుటుంబాలు కార్ల కర్మాగారాల్లో కూలి వెతుక్కుంటూ ఉత్తరాదికి తరలిపోతున్న రోజులవి. నార్త్‌వెస్టర్న్ హైస్కూలులో డబుల్ బేస్ చేతికి దొరికింది. చదువు పూర్తికాకముందే ఊళ్ళో జాజ్, బ్లూస్ క్లబ్బుల్లో వాయించడం మొదలుపెట్టాడు.

అదే డెట్రాయిట్‌లో, లింకన్-మెర్క్యురీ కార్ల కర్మాగారంలో కొన్నాళ్ళు పనిచేసిన బెర్రీ గోర్డీ, 1959లో కుటుంబం ఉమ్మడి నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని రికార్డుల కంపెనీ పెట్టాడు. అదే మోటౌన్. వెస్ట్ గ్రాండ్ బులవార్డ్ వీధిలో 2648 నంబరు ఇల్లు కొని, దాని ముఖాన హిట్స్‌విల్ యు.ఎస్.ఎ. అని బోర్డు కట్టాడు. వెనక ఉన్న గదే స్టూడియో. పైకప్పు నుంచి వైర్లు వేలాడుతుండటంతో వాద్యకారులు దాన్ని పాముల గొయ్యి అనేవారు. కార్లు వరసగా ఒక చోట నుంచి ఇంకో చోటికి జరుగుతూ తయారైనట్టే పాటలూ అక్కడ తయారయ్యాయి: ఒక గదిలో రచన, ఒక గదిలో వాద్యం, తర్వాత గానం, చివర నాణ్యత పరీక్షకు ప్రత్యేకంగా ఒక సమావేశం. ఆ వాద్యబృందానికి ఫంక్ బ్రదర్స్ అని పేరు. పియానో మీద ఎర్ల్ వాన్ డైక్, డ్రమ్ముల మీద బెన్నీ బెంజమిన్, బేస్ మీద జేమర్సన్. పగలు పాములగొయ్యిలో మూడేసి నిమిషాల పాప్ పాటలు, రాత్రి క్లబ్బుల్లో తెల్లవార్లూ జాజ్. రాత్రి నేర్చిన విద్య పగటి పాటల్లోకి కారిపోవడమే మోటౌన్ రహస్యం అనుకుంటే పెద్ద తప్పేమీ లేదు.

మొదటి ఏళ్ళలో డబుల్ బేస్ మీదే వాయించిన జేమర్సన్ 1960ల మొదట్లో ఫెండర్‌కు మారాడు. మారినా చేతి అలవాట్లు మారలేదు. డబుల్ బేస్ వాయించినట్టే కుడిచేతి చూపుడు వేలొక్కటే వాడేవాడు. తోటివాళ్ళు ఆ వేలికి కొక్కెం అని పేరు పెట్టారు. తీగలు మెడకు చాలా ఎత్తులో, ఇతరులు నొక్కితే వేళ్ళు నొప్పిపుట్టేంత బిగువుగా ఉండేవి. నునుపు చుట్టు తీగలు తెగిపోతే తప్ప మార్చేవాడు కాదు. వాటికి పట్టిన జిడ్డులోనే మజా ఉందని ఆయన నమ్మకం. తీగలు ఆనే బ్రిడ్జి మూత కింద స్పాంజి ముక్క ఉండటంతో స్వరం పుట్టీ పుట్టగానే మెత్తగా అణిగిపోయేది. 1962 నాటి ఆ ప్రెసిషన్ బేస్‌ను ఫంక్ మెషిన్ అని పిలుచుకున్నారు. ఆంప్లిఫైయర్ ముందు మైకు పెట్టకుండా, తీగ శబ్దాన్ని నేరుగా రికార్డింగ్ యంత్రంలోకి పంపేవారు. కార్లలోని చిన్న స్పీకర్లలో పాట ఎలా వినపడుతుందో స్టూడియోలోనే పెట్టి చూసుకునేవారు. ఊరే కార్లది, కొనేవాళ్ళు వినేదీ కార్లలోనే.

ఇక వాయించిన తీరు. అప్పటిదాకా పాప్ పాటల్లో బేస్ అంటే రెండు స్వరాల ఉద్యోగం. ఆ సమయానికి నడుస్తున్న స్వరసమ్మేళనం ఏదైతే దాని షడ్జమం, పంచమం. మళ్ళీ షడ్జమం, పంచమం. గుమ్మం దగ్గర కాపలావాడిలా అక్కడక్కడే తచ్చాడటం. జేమర్సన్ ఆ రెండు స్వరాల మధ్య ఉన్న చీకటి మెట్లన్నీ తొక్కుకుంటూ నడిచాడు. తాళం దెబ్బ పడే చోట ఆగి, పడని చోట పలికాడు. షడ్జమంతో మొదలుకావలసిన చోట గాంధారంతోనో పంచమంతోనో మొదలుపెట్టి, కింద నేల కొంచెం జరిగిందా అని వినేవాడికి అనిపించేలా చేశాడు. 1964 డిసెంబరులో వచ్చిన టెంప్టేషన్స్ పాట మై గర్ల్ మొదట్లో వినిపించేది ఆయనే. అక్కడ వినయంగా, దాదాపు గుండె దెబ్బలా ఉంటాడు. అదే మనిషి 1967లో ఫోర్ టాప్స్ పాడిన బెర్నడెట్‌లోనూ, స్టీవీ వండర్ పాడిన ఐ వాజ్ మేడ్ టు లవ్ హర్‌లోనూ పాట పొడుగునా గాయకుడితో జుగల్‌బందీ చేస్తాడు. చరణం రెండోసారి వచ్చినప్పుడు మొదటిసారి వాయించింది మళ్ళీ వాయించడు. విచిత్రమేమిటంటే ఎంత వాయించినా గాయకుడికి అడ్డురాడు. ఆయన్ని అనుకరించబోయి బోర్లాపడ్డవాళ్ళందరూ పడింది సరిగ్గా ఇక్కడే: స్వరాలు దొరికాయి, మర్యాద దొరకలేదు.

ఆ స్వరాలు చాలా పాటల్లో ఎవరూ రాసిచ్చినవి కావు. నిర్మాతలు స్వరసమ్మేళనాల వరస మాత్రం కాగితం మీద పెట్టేవారు. మిగతాది జేమర్సన్ ఇష్టం. కానీ పాట హక్కుల లెక్కలో రచయిత అంటే రాగం కట్టినవాడు, మాట కట్టినవాడు. అడుగున నడిచే గీతను అల్లినవాడికి రోజు కూలీ దక్కేది, రాయల్టీ దక్కేది కాదు. ఆ రెంటికీ మధ్య తేడా ఎంతో తెలియాలంటే ఆ పాటలు అరవై ఏళ్ళుగా ఎన్ని సినిమాల్లో, ఎన్ని ప్రకటనల్లో వినిపించాయో తలుచుకుంటే చాలు.

అట్లాంటిక్ అవతల మెకార్ట్నీ బేస్ వాయించడానికి కారణం సరదా కాదు, అవసరం. 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో స్టూవర్ట్ సట్‌క్లిఫ్ బీటిల్స్ నుంచి తప్పుకుంటే ఆ ఖాళీ ఎవరో ఒకరు పూరించాలి. తోటివాళ్ళు లెనన్, హారిసన్ గిటార్లు వదలరు. అక్కడి కొట్లో ఫిడేలు ఆకారంలో ఉన్న హోఫ్నర్ బేస్‌ను దాదాపు 30 పౌండ్లకు కొన్నాడు. రెండు వైపులా ఒకే తీరుగా ఉండటంతో ఎడమచేతి వాటం మనిషికి అది తిరగేసినట్టు కనపడదు. నచ్చడానికి అదొక కారణం. తొలి పాటల్లో ఆయన బేస్ పద్ధతిగా, బుద్ధిగా ఉంటుంది. 1966కు వచ్చేసరికి మనిషి మారిపోయాడు. డెట్రాయిట్ రికార్డులు ఒక పక్క, బీచ్ బాయ్స్ బ్రయాన్ విల్సన్ తీసుకొచ్చిన పెట్ సౌండ్స్ ఇంకో పక్క. విల్సన్ బేస్‌ను షడ్జమం మీద కూర్చోబెట్టకుండా ఎక్కడెక్కడో దింపేవాడు. ఆ స్వరాలను లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో వాయించినవాళ్ళలో కరోల్ కే ఒకరు. 1963లో ఒక రికార్డింగ్‌కు బేస్ వాద్యకారుడు రాకపోతే, గిటార్ వాయించే ఆమె ఆ వాద్యం అందుకుంది, ఇక వదల్లేదు. తర్వాత ఆమె రాసిన బేస్ పాఠాల పుస్తకాలు చదివి నేర్చుకున్నవాళ్ళు వేలల్లో ఉంటారు.

అమెరికన్ రికార్డుల్లో బేస్ అంత గట్టిగా ఎలా పలుకుతోంది, మన రికార్డుల్లో ఎందుకు పలకడం లేదు అని లండన్‌లోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో లెనన్ నిలదీశాడు. బేస్ మరీ పెంచితే రికార్డు గాడిలోంచి సూది ఎగిరిపోతుందని అక్కడి ఇంజినీర్ల భయం. చివరికి పేపర్‌బ్యాక్ రైటర్ పాటకు ఒక లౌడ్‌స్పీకర్‌నే తిరగేసి మైకుగా వాడి మెకార్ట్నీ బేస్ పట్టారు. సార్జెంట్ పెప్పర్ ఆల్బమ్ వచ్చేనాటికి పాట అంతా పూర్తయ్యాక, మిగతావాళ్ళు ఇళ్ళకు వెళ్ళాక, ఆయన ఒంటరిగా కూర్చుని చివర బేస్ వాయించే పద్ధతికి వచ్చాడు. మిగిలిన స్వరాలన్నీ విని, వాటి మధ్య దారి వెతుక్కోవడం అన్నమాట. డెట్రాయిట్‌లో జేమర్సన్ అందరితో కలిసి ఒకే గదిలో అప్పటికప్పుడు చేసినదాన్ని మెకార్ట్నీ తీరిగ్గా గంటల తరబడి కూర్చుని చేశాడు. ఫలితాన్ని బట్టి ఇద్దరిలో ఎవరు మిన్న అని తేల్చడం కష్టం గానీ, ఎవరి పని కష్టమో తేల్చడం కష్టం కాదు.

1971 మేలో మార్విన్ గే ఆల్బమ్ వాట్స్ గోయింగ్ ఆన్ వచ్చింది. అందులోని శీర్షిక పాట రికార్డింగ్ గురించి మోటౌన్ వాళ్ళు చెప్పుకునే కథ ఒకటుంది. జేమర్సనే కావాలని గే పట్టుపట్టి, క్లబ్బుల్లో వెతికించి పట్టుకొచ్చాడు. తాగిన మత్తులో స్టూలు మీద కూర్చోలేక ఆయన నేల మీద వెల్లకిలా పడుకుని, ఎదురుగా పెట్టిన కాగితం చూస్తూ వాయించాడు. స్వరరచన చేసిన డేవిడ్ వాన్ డి పిట్ స్వయంగా ఈ సంగతి ధ్రువీకరించాడు. తాగుడును ప్రతిభకు ముడిపెట్టి మురిసిపోయే కథలంటే ఒళ్ళుమండేవాళ్ళు కూడా ఆ పాట విన్నాక కాసేపు మాట్లాడరు. ఆ ఆల్బమ్ ఇంకో పని కూడా చేసింది. వాద్యకారుల పేర్లు అట్ట మీద అచ్చయ్యాయి. జేమర్సన్ పేరు ముందు సాటిలేని అనే విశేషణం కూడా పెట్టారు. అప్పటికి ఆయన మోటౌన్‌లో వాయించడం మొదలుపెట్టి పన్నెండేళ్ళు దాటింది.

మరుసటి ఏడాదే కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. ఒకరోజు రికార్డింగ్‌కు వచ్చిన ఫంక్ బ్రదర్స్‌కు స్టూడియో తలుపు మీద ఇవాళ పని లేదన్న కాగితం కనిపించింది. జేమర్సన్ వెనకే కాలిఫోర్నియా వెళ్ళాడు. అక్కడ మోటౌన్ వాద్యకారులనే మాటకు అర్థం లేదు. ఎవరు త్వరగా కాగితం చూసి వాయిస్తే వాళ్ళదే పని. కొత్త రకం మెరుపు తీగలు వాడమన్నారు, ఇంకో రకం మోత కావాలన్నారు. ఆయన తన పాత తీగలు వదల్లేదు. తాగుడూ వదల్లేదు. 1983 మార్చిలో మోటౌన్ పాతికేళ్ళ పండగ పసడీనా ఆడిటోరియంలో జరిగింది. మైకేల్ జాక్సన్ మూన్‌వాక్ చేసిన రాత్రి అదే. జేమర్సన్‌కు ఆహ్వానం లేదు. బ్లాకులో టికెట్ కొనుక్కుని మేడమీద వెనక వరసలో కూర్చుని చూశాడు. ఆ ఆగస్టు 2న 47 ఏళ్ళ వయసులో చనిపోయాడు. ఫంక్ మెషిన్‌ను అంతకు కొద్ది రోజుల ముందే ఎవరో ఎత్తుకుపోయారు.

ఆయన్ని జనంలోకి తిరిగి తెచ్చింది కంపెనీ కాదు, అలన్ స్లట్‌స్కీ అనే గిటార్ వాద్యకారుడు. పాటలు విని స్వరలిపి రాసి పుస్తకాలు వేసే ఆయన, జేమర్సన్ బేస్ స్వరాలు రాస్తూ రాస్తూ మనిషి కథలో పడ్డాడు. భార్య ఆనీని, తోటివాళ్ళను కలిసి జీవితచరిత్ర రాశాడు. 1989లో వచ్చిన స్టాండింగ్ ఇన్ ద షాడోస్ ఆఫ్ మోటౌన్ పుస్తకానికి జతగా ఇచ్చిన రికార్డింగుల్లో జాన్ ఎంట్విసిల్, జాక్ బ్రూస్, గెడ్డీ లీ, చక్ రైనీ, మార్కస్ మిల్లర్ వంటి దిగ్గజాలు తలా ఒక పాట అందుకుని ఆ మనిషి స్వరాలు అక్షరం పొల్లుపోకుండా వాయించారు. రాక్, జాజ్, ఫంక్ అని వేరువేరు ఊళ్ళవాళ్ళు ఒకే గుడి మెట్ల మీద కూర్చున్న సన్నివేశం. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ పక్కవాద్యకారుల కోసం కొత్తగా ఒక విభాగం పెట్టి, తొలి ఏడాదే జేమర్సన్‌ను చేర్చింది. 2002లో అదే పుస్తకం పేరుతో డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. 2004లో ఫంక్ బ్రదర్స్‌కు గ్రామీ జీవన సాఫల్య పురస్కారం.

అట్ట మీద పేర్లు వేయకపోవడం వల్ల మిగిలిన తలనొప్పి మాత్రం ఇంకా తీరలేదు. కొన్ని మోటౌన్ పాటల్లో బేస్ వాయించింది తానేనని కరోల్ కే చెప్పింది; డెట్రాయిట్ వాళ్ళు కాదన్నారు. వాట్స్ గోయింగ్ ఆన్ లోనే కొన్ని పాటలు బాబ్ బాబిట్ వాయించాడు. వాటినీ జేమర్సన్ ఖాతాలో వేసి మెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. వేసిన పేరు ఒక అంగుళం జాగా తీసుకునేది. వేయని పేరు మీద వాదన దశాబ్దాలుగా సాగుతోంది.

జేమర్సన్ ఒక్కడే బేస్ చరిత్ర కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో లారీ గ్రాహం తల్లితో కలిసి క్లబ్బుల్లో వాయించేవాడు. వాళ్ళ బృందానికి డ్రమ్మరు లేడు. ఆ లోటు పూడ్చడానికి బొటనవేలితో తీగను బాది పెద్ద డ్రమ్ము దెబ్బ, వేలితో తీగను లాగి వదిలి చిన్న డ్రమ్ము దెబ్బ పుట్టించాడు. స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ బృందంతో ఆ మోత దేశమంతా వినపడ్డాక, స్లాప్ పద్ధతి రాని బేస్ వాద్యకారుడికి పని దొరకడం కష్టమైపోయింది. ఒక డ్రమ్మరు జీతం మిగుల్చుకున్న ఇల్లు సంగీతానికి ఒక కొత్త భాష ఇచ్చింది.

ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో పెరిగిన జాకో పస్టోరియస్ ఇంకో రకం. 1951లో, అంటే ప్రెసిషన్ బేస్ పుట్టిన ఏడాదే పుట్టాడు. 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్ మెడ మీది మెట్లన్నీ పీకేసి, గాడులు పూడ్చి, పడవలకు పూసే ఎపాక్సీ పూసి నునుపు చేసుకున్నాడు. ఫెండర్ ఏ భయం పోగొట్టడానికి మెట్లు పెట్టాడో ఆ భయాన్నే జాకో కోరి తెచ్చుకున్నాడు. ఎందుకంటే మెట్లు లేని మెడ మీదే స్వరం నుంచి స్వరానికి జారవచ్చు, ఒక్క స్వరాన్నే ఊపవచ్చు. గమకాలు విన్న తెలుగు చెవికి ఆ బేస్ మొదటిసారి విన్నా కొత్తగా అనిపించకపోవడానికి కారణం ఇదే. 1976లో వచ్చిన ఆయన తొలి ఆల్బమ్ చార్లీ పార్కర్ పేరు మీదున్న డోనా లీతో మొదలవుతుంది. శాక్సఫోన్ మీదే చెమటలు పట్టించే ఆ వేగాన్ని బేస్ మీద, తోడుగా ఒక్క కాంగా డ్రమ్ముతో వాయించేశాడు. అదే ఆల్బమ్‌లోని పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ చాలావరకు, తీగను నొక్కకుండా తాకి పలికించే హార్మోనిక్స్‌తో అల్లిన రచన. తర్వాత వెదర్ రిపోర్ట్ బృందంలో చేరాడు. జోనీ మిచెల్ హెజీరా ఆల్బమ్‌లో ఆమె గొంతు పక్కన రెండో గొంతు అయ్యాడు. ఆ దశాబ్దం చివరికి ఎందరో బేస్ వాద్యకారులు తమ వాద్యాలకు మెట్లు పీకేసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ పెట్టించుకుని ఉండాలి.

జాకో కూడా తాను ఎవరి దగ్గర నేర్చాడో దాచలేదు. 1985లో చేసిన పాఠాల వీడియోలో ఆయనతో మాట్లాడుతూ కూర్చున్నది జెర్రీ జెమాట్, బి.బి. కింగ్ పాడిన ద థ్రిల్ ఈజ్ గాన్‌లో బేస్ ఆయనదే. చిన్నప్పుడు ఎవరి రికార్డులు విని వేళ్ళు తిప్పాడో ఆ మనిషి పక్కనే కూర్చుని ఉంటే జాకో ముఖంలో కుర్రతనం వస్తుంది. చివరి ఏళ్ళు మానసిక వ్యాధి, తాగుడు, వీధి బతుకు. 1987 సెప్టెంబరులో ఒక క్లబ్బు దగ్గర జరిగిన కొట్లాట దెబ్బలతో 35 ఏళ్ళకే పోయాడు.

జేమర్సన్, మెకార్ట్నీ, జాకో ముగ్గురి వాద్యాలూ దొంగల పాలయ్యాయి. జాకో బేస్ 1986లో న్యూయార్క్ పార్కులో పోయి, ఇరవై ఏళ్ళ తర్వాత బయటపడింది. మెటాలికా బృందంలో బేస్ వాయించే రాబర్ట్ ట్రుహీయో డబ్బు పెట్టి దాన్ని విడిపించి ఆ కుటుంబానికి దక్కేలా చూశాడు. మెకార్ట్నీ హోఫ్నర్ 1972లో లండన్‌లో వ్యాన్‌లోంచి పోయింది. 2024లో తిరిగి దొరికినట్టు ప్రకటించారు. జేమర్సన్ ఫంక్ మెషిన్ జాడ లేదు.

ఇదంతా పడమటి దేశాల కథ. మద్రాసు సంగతి వేరు. అక్కడి సినిమా ఆర్కెస్ట్రాల్లోకి బేస్ గిటార్ 1960లు, 70ల్లో నెమ్మదిగా వచ్చింది. మన సంప్రదాయ సంగీతంలో మంద్రంగా నడిచే వేరే గీత లేదు. తంబుర శ్రుతి పట్టుకుంటుంది, మృదంగం లయ పట్టుకుంటుంది, మధ్యలో గాయకుడికి ఎవరి అడ్డూ లేదు. అందుకే తొలినాళ్ళ సినిమా పాటల్లో బేస్ చాలావరకు తబలాకు తోడుగా దుమ్ దుమ్ అనేదే. ఆ స్థితిని మార్చింది ఇళయరాజా. ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చి, సినిమా రికార్డింగుల్లో గిటార్ వాయించి, జి.కె. వెంకటేశ్‌కు సహాయకుడిగా పనిచేసి, 1976లో అన్నక్కిళితో సంగీత దర్శకుడైనవాడు. ఆయన బేస్ ఆలోచనకు వేరు డెట్రాయిట్‌లో వెతకనక్కరలేదు. పాశ్చాత్య స్వరకర్త బాఖ్ రచనల్లో కింది గీత పైగీతతో సమానంగా మాట్లాడుతుంది, ఆ పాఠం చాలు. 1986లో తెచ్చిన హౌ టు నేమ్ ఇట్ ఆల్బమ్‌ను ఆయన అంకితం ఇచ్చిందీ త్యాగరాజుకు, బాఖ్‌కు.

మద్రాసులో తెలుగువాడు ఎల్.వి. ప్రసాద్ కట్టిన ప్రసాద్ స్టూడియోలో దశాబ్దాల పాటు సాగిన ఆ రికార్డింగుల్లో బేస్ ఎక్కువగా శశిధరన్ చేతిది. అభిమానులకు శశి. డ్రమ్ములు పురుషోత్తమన్, కీబోర్డు విజీ మాన్యుయెల్, గిటార్ సదానందం. అన్వేషణ, రాక్షసుడు, మహర్షి, గీతాంజలి పాటలు ఇంట్లో నోటికొచ్చినవాళ్ళు కూడా ఒకసారి హెడ్‌ఫోన్ పెట్టుకుని, బాలు గొంతునూ జానకి గొంతునూ వదిలేసి అడుగున ఉన్న గీతనే పట్టుకుని పోతే, ఇన్నేళ్ళూ ఇంకో పాట విననేలేదని తెలుస్తుంది. పల్లవి కింద ఒక నడక, చరణం కింద ఇంకో నడక, మధ్యలో వయొలిన్లు ప్రశ్న వేస్తే జవాబు చెప్పడానికి ఒక్క పరుగు. 1982 నాటి తమిళ చిత్రం పయనంగళ్ ముడివదిల్లైలోని ప్రసిద్ధమైన గిటార్ పాటలో అందరూ గిటార్ గురించే మాట్లాడతారు. ఆ గిటార్‌ను నిలబెట్టింది కింది బేస్. మరుసటి ఏడాది ఆ బాణీ కలాకార్ అనే హిందీ సినిమాలోకి వెళ్ళింది.

ఇక్కడ జేమర్సన్‌కూ శశికీ మధ్య పెద్ద తేడా ఉంది. ఇళయరాజా ప్రతి వాద్యానికీ స్వరాలు స్టాఫ్ నొటేషన్‌లో తానే రాసిస్తారు. బేస్ కూడా అందులో భాగమే. అంటే అక్కడ గీత అల్లింది సంగీత దర్శకుడే. అలాగని వాయించినవాడి వాటా చిన్నది కాదు. స్వరాన్ని ఎక్కడ తుంచాలి, ఎంత నిలపాలి, ఏ స్వరం కొంచెం జారాలి, డ్రమ్ము దెబ్బకు వెంట్రుకవాసి ముందా వెనకా అన్నవి కాగితం మీద రావు. అదే కాగితం వేరే బేస్ వాద్యకారుడి ముందు పెట్టిన కచేరీల్లో ఈ సంగతి చెవికి తెలిసిపోతుంది.

క్యాసెట్ల అట్టల మీద మాత్రం మద్రాసూ డెట్రాయిటూ ఒకటే. సంగీతం, గానం, రచన, నటీనటుల ఫొటో, అంతటితో సరి. బొంబాయిలోనూ అంతే. ఆర్.డి. బర్మన్ పాటల్లో బేస్ వాయించిన టోనీ వాజ్ పేరు, ఆ పాటలకు ఊగిన కోట్లమందిలో ఎందరికి తెలుసు? పరిశోధకుడు గ్రెగరీ బూత్ బొంబాయి స్టూడియో వాద్యకారులను కూర్చోబెట్టి మాట్లాడించి, 2008లో బిహైండ్ ద కర్టెన్ అనే పుస్తకం వేశాకే ఆ లోకం కొంత అక్షరాల్లోకి వచ్చింది. మన మద్రాసు వాద్యకారుల గురించి తెలుగులో అలాంటి గట్టి పుస్తకం ఒకటి రావలసి ఉంది. 1990ల్లో తెలుగు సినిమా రికార్డింగులు హైదరాబాదుకు తరలిపోయాయి. కంప్యూటర్లు వచ్చాక అరవైమంది ఒకే గదిలో కూర్చుని వాయించే రోజులూ పోయాయి. ఆ తరంలో చాలామంది ఇప్పుడు లేరు.

1992లో రోజాతో వచ్చిన ఎ.ఆర్. రెహమాన్ వాద్యకారుల పేర్లు అట్ట మీద వేయించే అలవాటు తెచ్చారు. చెన్నై బేస్ వాద్యకారుడు కీత్ పీటర్స్ పేరు ఊరూరా పిల్లలకు అలాగే తెలిసింది. క్యాసెట్ లోపలి కాగితం మడత విప్పి బేస్ ఎవరని వెతికే కుర్రాళ్ళు తయారయ్యారు. ఆ తర్వాతి తరంలో, ముంబయిలో 1996లో పుట్టిన బేస్ వాద్యకారిణి మోహినీ డే ఉంది. ఆమె తండ్రి సుజయ్ డే కూడా బేస్ వాద్యకారుడే. చిన్నతనంలోనే కూతురి చేతికి వాద్యం ఇచ్చాడు. ఇరవై ఏళ్ళు నిండకముందే ఆమె రెహమాన్ బృందంలో ఉంది. స్లాప్‌లో గ్రాహం బొటనవేలు వినపడుతుంది. కానీ ఆమె వేళ్ళు పరుగెత్తేటప్పుడు లెక్క మాత్రం అమెరికాది కాదు: నోటితో చెప్పే కొన్నకోల్ జతులను, తక తకిట, తకిట తకధిమి అంటూ సాగే ఖండ, మిశ్ర గతులను ఆమె తీగల మీద అదే వేగంతో పలికిస్తుంది.